పెంపుడు పాములు, బల్లులు

పెంపుడు పాములు, బల్లులు అనగా ఆసక్తి కొద్దీ గాని, అధ్యయనం కోసం గాని మనుషులు ఇళ్ళలో ఉంచి పెంచుకొనే సరీసృపాలు. అమెరికా, ఐరోపా దేశాలలో 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఈ అలవాటు బాగా వ్యాపించింది. భారతదేశంలోని పెద్ద నగరాలలో కూడా 2000 తరువాత ఇగ్వానాలు, బాల్ పైథాన్లు పెంచేవారు కనిపించసాగారు. అయితే ఇతర దేశాల పుస్తకాలలో ఉండే "ఏ పామును ఎంచుకోవాలి?" అన్న ప్రశ్న మన దేశంలో అదే రూపంలో ఉండదు. ఇక్కడ మొదటి ప్రశ్న "ఏ జాతిని ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది?" అన్నది. దానికి సమాధానం దొరికిన తరువాతనే పరిమాణం, ఆయుర్దాయం, ఆహారం, వేడి వంటి విషయాలు వస్తాయి. ఈ వ్యాసంలో ఈ విషయాలను తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా, నారాయణఖేడ్ ప్రాంతానికి చెందిన సిర్గాపూర్ వంటి గ్రామాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం జరిగింది.

సిర్గాపూర్ పరిసరాలలోని సరీసృపాలు

సిర్గాపూర్ ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరి మండల కేంద్రమైనది. ఈ ప్రాంతం కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్నది. నల్లరేగడి చేలు, రాతి గుట్టలు, నల్లవాగు ప్రాజెక్టు కింది కాలువలు, కొంత దూరంలో మంజీరా నది ఉండడం వలన పాములకు, బల్లి జాతులకు కావలసిన అన్ని రకాల తావులూ ఇక్కడ ఉన్నాయి. ఇదే జిల్లాలో 1978లో ఏర్పాటైన మంజీరా అభయారణ్యం మొసళ్ళకు పేరుపొందింది.

దక్కను పీఠభూమిలోని పల్లెలలో సాధారణంగా కనిపించే పాములలో జెర్రిపోతు ముఖ్యమైనది. ఇది రెండు మీటర్లకు పైగా పెరుగుతుంది, విషం లేదు, ఎలుకలను విపరీతంగా తింటుంది. జెర్రిపోతు నాగుపాముకు మగపాము అన్న నమ్మకం పల్లెలలో గట్టిగా ఉన్నది గాని అది నిజం కాదు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన జాతులు. పెనవేసుకొని ఆడుతున్నట్లు కనిపించే రెండు జెర్రిపోతులు చాలాసార్లు రెండూ మగవే. అవి బలాబలాలు తేల్చుకొంటున్నవన్న మాట. కాలువల వెంట, వరి మడులలో నీటి పాము (నీరుకట్టు) ఉంటుంది. ఇది కరుస్తుంది గాని విషసర్పం కాదు. పొదల మీద పసిరిక పాము, మెత్తటి నేలలలో రెండు తలల పాము, గుట్టల వైపు కొండచిలువ ఉంటాయి. విషసర్పాలలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు ప్రధానమైనవి. బల్లి జాతులలో ఇంటి బల్లి, తొండ, నలికిరి, ఉడుము, ఊసరవెల్లి ఉన్నాయి. నున్నగా మెరిసే నలికిరి విషం గలదని చాలామంది భయపడి చంపుతారు. దానికి విషం లేదు.

ఇంటి బల్లిని ఎవరూ పెంచరు, అది తనంత తానే పెరుగుతుంది. దానికి ఇంట్లో స్థానం ఎంత స్థిరమైనదంటే, అది ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో చెప్పే బల్లి శాస్త్రం పంచాంగాలలో నేటికీ అచ్చవుతున్నది.

స్వదేశీ జాతులు - చట్టం

పైన పేర్కొన్న పాములలో దేనినీ ఇంట్లో పెంచుకోవడానికి వీలు లేదు. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 ప్రకారం భారతదేశపు స్వదేశీ పాములన్నీ రక్షిత జీవులు. ఉడుము, ఊసరవెల్లి కూడా రక్షిత జీవులే. ఈ చట్టంలో "వేట" అన్న మాటకు చాలా విస్తృతమైన అర్థం ఉన్నది. చంపడమే గాక పట్టుకోవడం, వల లేదా ఉచ్చు పెట్టడం, సరీసృపాల గుడ్లను పాడుచేయడం కూడా వేట కిందికే వస్తాయి. చేనులో దొరికిన పాము పిల్లను సీసాలో పెట్టి ఇంటికి తెచ్చుకొన్న విద్యార్థి "నేను వేటాడలేదు, పెంచుకొందామని తెచ్చాను" అని చెప్పినా చట్టం దృష్టిలో తేడా ఉండదు. అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షను చెబుతుంది. జంతువు ఒకరి దగ్గర దొరికితే అది అక్రమంగా ఉన్నదనే భావించాలని, కాదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ వ్యక్తిదేనని 57వ సెక్షను చెబుతుంది.

ఈ చట్టాన్ని 2022లో సవరించారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు ఆరు షెడ్యూళ్ళు ఉండగా వాటిని నాలుగుకు కుదించారు. మొదటి షెడ్యూలులోని జంతువులకు అత్యధిక రక్షణ ఉంటుంది. కొండచిలువ, ఉడుము అందులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా ఉంటాయి. మిగిలిన వాటి విషయంలో 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

తనను గాని మరొకరిని గాని కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును చంపడం నేరం కాదని ఇదే చట్టం 11వ సెక్షనులో ఉన్నది. అంటే కాటు వేయబోయే నాగుపామును చంపినవాడిని చట్టం క్షమిస్తుంది. దానినే బుట్టలో పెట్టి దాచుకొన్నవాడిని క్షమించదు. ఇది వింతగా తోచవచ్చు. కాని ప్రాణభయంతో చేసే పని ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, పెంపకానికి గిరాకీ పుడితే అడవినుండి పాములను పట్టడం ఒక వ్యాపారమవుతుంది.

పాములవాళ్ళు

తెలుగునాట తరతరాలుగా పాములను దగ్గర ఉంచుకొన్నవారు పాములవాళ్ళే. నాగస్వరం, వెదురుబుట్ట, అందులో నాగుపాము పట్టుకొని ఊరూరా తిరిగి పాములాట చూపించడం, ఇళ్ళలో దూరిన పాములను పట్టడం వారి వృత్తి. శ్రావణ మాసంలో వచ్చే నాగుల పంచమి, కార్తీక మాసంలో వచ్చే నాగుల చవితి వారికి ఎక్కువ సంపాదన ఉండే రోజులు. 1972 చట్టంతో ఈ వృత్తి నేరమైపోయింది. దానికి బదులుగా మరొక జీవనోపాధి వారిలో చాలామందికి దొరకలేదన్నది కూడా నిజమే.

అయితే బుట్టలోని పాము స్థితి "పెంపకం" అన్న మాటకు తగినది కాదు. కోరలు పీకడం, విషగ్రంథులను పాడుచేయడం, నోరు కుట్టివేయడం జరిగేది. పండుగకు ముందు చాలా రోజులు నీళ్ళు లేకుండా ఉంచిన పాము, ముందు పెట్టిన పాలను దాహం కొద్దీ తాగుతుంది. పాలు పాముల సహజ ఆహారం కావు, వాటికి అరగవు. పుట్టలో పోసిన పాలు లోపలి పాముకు ఏ విధంగానూ ఉపయోగపడవు. నాగస్వరానికి పాము తల ఆడించడం కూడా సంగీతం వలన కాదు. ఎదుట కదులుతున్న వస్తువును అది కనిపెట్టి చూస్తుంటుంది. హైదరాబాదులో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సభ్యులు నాగుల పంచమి సమయంలో అటవీశాఖతో కలిసి ఇటువంటి పాములను విడిపిస్తుంటారు. ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టి అడవులలో వదలడం ఈ సంస్థ ముఖ్యమైన పని.

పాములు పట్టే నైపుణ్యాన్ని చట్టబద్ధమైన ఉపాధిగా మార్చిన ఉదాహరణ తమిళనాడులో ఉన్నది. పాము చర్మాల వ్యాపారం నిలిచిపోయి బ్రతుకుతెరువు కోల్పోయిన ఇరుళ తెగవారు 1978లో ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. వారు అనుమతితో పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతారు. ఆ విషం నుండి పాముకాటు విరుగుడు మందు తయారవుతుంది.

రెండు తలల పాము, ఉడుము

పెంపకం పేరుతోను, అదృష్టం పేరుతోను తెలుగు రాష్ట్రాలలో ఎక్కువగా చేతులు మారే పాము రెండు తలల పాము. దీనికి నిజానికి తల ఒక్కటే. తోక మొద్దుగా, గుండ్రంగా తలలాగే ఉంటుంది. ఆపద వచ్చినపుడు ఇది తలను చుట్టలో దాచి తోకను పైకి చూపిస్తుంది. దెబ్బ తోకకు తగిలితే ప్రాణం దక్కుతుంది. విషం లేని, నెమ్మదైన ఈ పాము మట్టిలో దాగి ఎలుకలను పట్టుకొని తింటుంది. ఇంట్లో ఉంటే సంపద కలుగుతుందని, బరువును బట్టి లక్షలు, కోట్లు పలుకుతుందని దళారులు ప్రచారం చేస్తారు. ఈ ఆశతో పామును పట్టి, బరువు పెరగడానికి దానికి బలవంతంగా ఏవేవో మింగించిన సందర్భాలు ఉన్నాయి. దీనిని అమ్మజూపుతూ పట్టుబడిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదేపదే నమోదయ్యాయి. చివరికి కోట్లిచ్చే కొనుగోలుదారు ఎప్పుడూ రాడు. అమ్మబోయినవారు జైలుకు, పాము అటవీశాఖకు చేరుతాయి.

ఉడుము విషయం కూడా ఇటువంటిదే. "ఉడుము పట్టు" అన్న జాతీయం మనకు ఉన్నది గాని ఆ పట్టు దానిని మనుషుల నుండి కాపాడలేకపోయింది. మాంసం కోసం, చర్మం కోసం, నడుము నొప్పికి మందు అనే నమ్మకంతో తైలం కోసం దీనిని చంపుతారు. "హత్థా జోడి" పేరుతో పూజాసామగ్రిలో ఒక మొక్క వేరుగా అమ్ముడయ్యేది నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం. ఇది తెలియక ఇంటి పూజగదిలో పెట్టుకొన్నవారు కూడా మొదటి షెడ్యూలు జంతువు భాగాన్ని దగ్గర ఉంచుకొన్నట్లే.

విదేశీ జాతులు

స్వదేశీ జాతులకు వీలు లేదు కనుక చట్టబద్ధంగా ఎంచుకొనడానికి మిగిలేవి విదేశీ జాతులు మాత్రమే. వీటిలో చాలా వాటి వ్యాపారాన్ని సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రిస్తుంది. ఇది 1973లో వాషింగ్టన్ నగరంలో కుదిరి 1975 నుండి అమలులో ఉన్నది. భారతదేశం 1976లో ఇందులో చేరింది. బాల్ పైథాన్, గ్రీన్ ఇగ్వానా ఈ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నాయి.

చాలాకాలం పాటు మన చట్టం విదేశీ జంతువుల గురించి దాదాపు మౌనంగా ఉన్నది. విమానాశ్రయంలో సామాను పెట్టెలో దాచి తెచ్చిన జంతువు ఒకసారి తనిఖీ దాటి బయటకు వస్తే, దాని గురించి ప్రశ్నించడం కష్టమయ్యేది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ ఒక స్వచ్ఛంద వెల్లడి పథకం ప్రకటించింది. ఆరు నెలలలోగా తమ దగ్గర ఉన్న విదేశీ జంతువులను వెల్లడించినవారిని పత్రాలు అడగలేదు. 2022 సవరణతో సైటిస్ జాతులన్నీ చట్టంలోని నాలుగవ షెడ్యూలులో చేరాయి. 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నిబంధనల ప్రకారం అటువంటి జంతువు కలవారు ప్రభుత్వ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. అప్పటికే ఉన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. కొత్తగా తెచ్చుకొన్నవారు 30 రోజులలోగా దరఖాస్తు చేయాలి. జంతువు పిల్లలు పెట్టినా, చనిపోయినా, మరొకరికి బదిలీ అయినా తెలియజేయాలి.

కాబట్టి కొనేవారు పాము రంగు చూడక ముందే పత్రాలు చూడాలి. అది బందీ స్థితిలో పుట్టినదా, తల్లిదండ్రులు చట్టబద్ధంగా దిగుమతి అయినవా, అమ్మేవారి పేరున నమోదు ఉన్నదా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. "పత్రాలు తరువాత పంపిస్తాం" అన్న అమ్మకందారు వద్ద కొనకపోవడమే మంచిది. బస్సు పార్సిల్‌లో వచ్చే జంతువు చట్టం మాట అటుంచి, చాలాసార్లు ప్రాణాలతోనే చేరదు.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. పెంపుడు బల్లులలో ప్రసిద్ధమైన లెపర్డ్ గెకోకు దగ్గరి బంధువులు మన దేశపు అడవులలోనూ ఉన్నాయి. తూర్పు కనుమల నుండి ఈ ప్రజాతికే చెందిన ఒక కొత్త జాతిని 2022లో శాస్త్రవేత్తలు వర్ణించారు. చూపులకు ఒకేలా ఉండే అడవి బల్లిని "పెంపుడు రకం" అని అంటగట్టే అవకాశం ఉంటుంది. పోలికతో వచ్చే పొరపాటు పాములలోనైతే ప్రాణాంతకం. రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనుకొని చేత్తో పట్టుకోవడం మన దేశంలో తరచుగా జరిగే పొరపాటు. కట్లపామును పోలిన విషరహిత పాము కూడా ఉన్నది. ఫొటోలు చూసి పోల్చుకోగలమన్న నమ్మకంతో ఏ పామునూ ముట్టుకోరాదు.

ఎంపికలో చూడవలసినవి

కుక్క, పిల్లి యజమానిని గుర్తుపట్టి దగ్గరకు వస్తాయి. పాము అలా రాదు. మనిషి చేతిలో కదలకుండా ఉండడం అలవాటు చేసుకొంటుంది, అంతే. దానిని సహించడమనాలి గాని ప్రేమ అనలేము. దీనిని ముందుగా ఒప్పుకొన్నవారే పామును సరిగా పెంచగలరు. ముట్టుకోవడం కంటే చూడడంలో ఆసక్తి గలవారికి ఇది తగిన జంతువు.

రెండవది ఆయుర్దాయం. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందినది. మూడు నుండి ఐదు అడుగులు పెరుగుతుంది, 20 నుండి 30 సంవత్సరాలు బ్రతుకుతుంది, ఇంకా ఎక్కువ కాలం కూడా బ్రతకవచ్చు. అమెరికాలోని సెయింట్ లూయీ జంతుప్రదర్శనశాలలోని ఒక బాల్ పైథాన్ 2020లో సుమారు 62 ఏళ్ళ వయసులో, పదిహేనేళ్ళకు పైగా మగపాము తోడు లేకుండానే, గుడ్లు పెట్టి వార్తలకెక్కింది. దానిని 1961లో ఒక వ్యక్తి ఆ ప్రదర్శనశాలకు ఇచ్చాడు. పదో తరగతి విద్యార్థి ముచ్చటపడి తెచ్చుకొన్న పాము అతడు చదువు ముగించి, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళి, పెళ్ళి చేసుకొని, పిల్లలను బడికి పంపే నాటికి కూడా బ్రతికే ఉంటుందన్న మాట. అప్పుడు దానిని చూసేదెవరన్న ప్రశ్నకు సమాధానం కొనే నాడే ఉండాలి.

మొదటిసారి పెంచేవారికి సాధారణంగా సూచించే పాము కార్న్ స్నేక్. ఇది అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందినది, విషం లేనిది, నెమ్మదైనది. బాల్ పైథాన్ కొన్నిసార్లు నెలల తరబడి ఆహారం ముట్టక యజమానిని కంగారు పెడుతుంది, కార్న్ స్నేక్‌తో ఆ బెడద తక్కువ. అయితే రెండింటి ఆహారమూ ఎలుకలే. పెద్ద బాల్ పైథాన్‌కు రెండు మూడు వారాలకు ఒక ఎలుక సరిపోతుంది. చేనులో పట్టిన ఎలుకను పెట్టరాదు. దానిలో పరాన్నజీవులు గాని, ఎలుకల మందు గాని ఉండవచ్చు. శుభ్రంగా పెంచిన ఎలుకలను, వీలైతే చంపి గడ్డకట్టించినవాటిని, కరిగించి పెట్టాలి. వంటింటి ఫ్రిజ్‌లో ఎలుకలు ఉంచడానికి ఇంట్లో అందరూ ఒప్పుకొంటారా అన్నది ఆలోచించవలసిన విషయమే. చాలా ఇళ్ళలో పాము పెంపకం ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది, అలా ఆగిపోవడం మంచిదే.

ఎలుకల సమస్య వద్దనుకొనేవారు బల్లుల వైపు చూస్తారు. లెపర్డ్ గెకో ఎనిమిది నుండి పది అంగుళాలు ఉంటుంది, రాత్రివేళ తిరుగుతుంది, 15 నుండి 20 ఏళ్ళు బ్రతుకుతుంది. కీచురాళ్ళు, పురుగులు తింటుంది. వాటిపై కాల్షియం పొడి చల్లి పెట్టాలి. పొడి వాతావరణం దానికి అనుకూలం కనుక దక్కను ప్రాంతానికి ఇదే కొంత నయం. ఆస్ట్రేలియాకు చెందిన బియర్డెడ్ డ్రాగన్ పగటి జీవి, మనుషుల మధ్య నిదానంగా ఉంటుంది. ఆకుకూరలు, పురుగులు రెండూ తింటుంది. దానికి సుమారు 40 డిగ్రీల వేడి గల ఒక మూల, అతినీలలోహిత కిరణాలనిచ్చే ప్రత్యేక దీపం తప్పనిసరి. ఆ దీపం వెలుగుతూ ఉన్నా కొన్ని నెలలకు ఆ కిరణాలు తగ్గిపోతాయి గనుక మారుస్తుండాలి. లేకపోతే విటమిన్ డి3 తయారుకాక ఎముకలు మెత్తబడి కాళ్ళు, దవడలు వంకరపోతాయి. పెంపుడు బల్లులలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే.

గ్రీన్ ఇగ్వానా గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. దుకాణంలో అది అరచేతిలో ఇమిడే పచ్చని పిల్ల. మూడు నాలుగేళ్ళలో తోకతో కలిపి ఐదారు అడుగులవుతుంది. దానికి ఒక చిన్న గదంత పంజరం కావాలి. మగవి ఎదిగాక తోకతో కొరడా దెబ్బలు కొడతాయి, కరుస్తాయి. పెంచలేక వదిలించుకొనే బల్లులలో ఇది ముందుంటుంది.

వేడి, చలి

సరీసృపాలు తమ ఒంటి వేడిని తాము పుట్టించుకోలేవు. పంజరంలో ఒక చివర వెచ్చగా, మరొక చివర చల్లగా ఉంచితే అవసరాన్ని బట్టి అవే జరుగుతుంటాయి. బాల్ పైథాన్‌కు వెచ్చని చివర 31-33 డిగ్రీలు, చల్లని చివర 25-27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రెండు చివరలా దాగడానికి చోటు ఉండాలి. వేడినిచ్చే పరికరానికి థర్మోస్టాట్ లేకపోతే పాము కాలిపోతుంది.

మన దేశం వేడి దేశం కనుక ఇవేవీ అక్కరలేదని అనుకోవడం పొరపాటు. నారాయణఖేడ్ వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో పెట్టిన అద్దాల పెట్టె అంతకంటే వేడెక్కుతుంది. చల్లని చివర అన్నదే మిగలక జంతువు చనిపోతుంది. చలికాలంలో ఇదే జిల్లాలోని కోహిర్ వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. చలికి తిన్నది అరగక పాము కక్కుతుంది, ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. కరెంటు పోయిన రాత్రికి కూడా ఏదో ఒక ఏర్పాటు ఉండాలి.

జబ్బు చేస్తే చూపించడం మరొక సమస్య. మండలాలలోని పశువైద్యశాలలు ప్రధానంగా పశువులు, గొర్రెలు, మేకలు, కోళ్ళ కోసం ఉన్నవి. సరీసృపాల వైద్యం తెలిసినవారి కోసం సిర్గాపూర్ నుండి హైదరాబాదుకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. పాము జబ్బును చివరి దశ వరకు బయటకు కనబడనీయదు. ఆలస్యంగా బయలుదేరడం అందువల్లనే జరుగుతుంది.

మనుషుల ఆరోగ్యం

ఆరోగ్యంగా కనిపించే పాములు, బల్లుల మలంలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిములు ఉండవచ్చు. వీటివల్ల వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. పసిపిల్లలకు ఇది ప్రమాదకరం. ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భవతులు, బాగా ముసలివారు ఉన్న ఇళ్ళలో సరీసృపాలను పెంచకపోవడం మంచిదని వైద్యులు చెబుతారు. ముట్టుకొన్న ప్రతిసారి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీటి పళ్ళెాన్ని వంటింటి తొట్టిలో కడగరాదు.

వదిలివేయడం

పెంచలేనివారు జంతువును నల్లవాగులోనో గుట్టల మీదనో వదిలేస్తే పుణ్యమని అనుకోవచ్చు. కాని అది ఆకలితోనో చలితోనో చనిపోతుంది, లేదా బ్రతికి స్థానిక జీవులను దెబ్బతీస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఇదే జరిగింది. పెంపుడు వ్యాపారం ద్వారా చేరిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలలో పెరిగిపోయాయి. అక్కడి రోడ్లపై లెక్కించగా కనిపించే రకూన్లు 99 శాతం తగ్గినట్లు 2012లో ఒక అధ్యయనం తెలిపింది. అదే సంవత్సరం అమెరికా ఈ పాము దిగుమతిని నిషేధించింది. పెంచలేని పరిస్థితి వస్తే అటవీశాఖకు తెలిపి, వారు చెప్పినట్లు అప్పగించాలి.

పిలవకుండా వచ్చే పాము

సిర్గాపూర్ వంటి ఊళ్ళలో పాముతో మనిషికి ఉండే అసలు సంబంధం పంజరంలోనిది కాదు. అది గడ్డివాము దగ్గర, కట్టెల కుప్పలో, వాననాటి రాత్రి చాప మీద ఏర్పడేది. భారతదేశంలో 2000 నుండి 2019 వరకు సంవత్సరానికి సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయినట్లు 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. ఎక్కువ మరణాలు వానాకాలంలో, పల్లెలలోనే జరిగాయి. కట్లపాము కాటు నొప్పి పెద్దగా ఉండదు. నేల మీద నిద్రించేవారు కాటు పడిన సంగతి తెలియకుండానే ప్రాణాలు కోల్పోతారు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవడం దీనికి చవకైన, మంచి రక్షణ.

కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం చేయరాదు. కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, 108 వాహనంలో గాని దొరికిన వాహనంలో గాని దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది కనుక, పామును చంపి వెంట తీసుకువెళ్ళవలసిన పని లేదు.

పాము ఇంట్లోకి వస్తే దానిని కొంత దూరం నుండి చూస్తూ, అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని కబురు చేయాలి. గాదె, ధాన్యపు సంచుల దగ్గర ఎలుకలు లేకుండా చూసుకొన్న ఇంటికి పాము రావడం తక్కువ. చేను గట్టున కనిపించిన జెర్రిపోతును మాత్రం దాని దారిన పోనిస్తే రైతుకే లాభం.

చూడాలనే ఆసక్తి గలవారికి

పాములను దగ్గరగా చూడాలన్న కోరిక గల విద్యార్థులు హైదరాబాదులో 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని సరీసృపాల విభాగాన్ని చూడవచ్చు. అక్కడ జంతువులను దత్తత తీసుకొనే పథకం ఉన్నది. నిర్ణీత కాలానికి ఒక జంతువు పోషణ ఖర్చు చెల్లిస్తే చాలు, జంతువు అక్కడే నిపుణుల సంరక్షణలో ఉంటుంది. తమ ఊరిలో కనిపించిన తొండలు, నలికిరులు, ఉడుముల ఫొటోలను దూరం నుండి తీసి, తేదీ, స్థలం రాసి ఐనాచురలిస్ట్ వంటి వెబ్‌సైట్లలో చేర్చితే తెలిసినవారు వాటి జాతిని గుర్తించడంలో సహాయపడతారు. వానలు మొదలయ్యాక నల్లవాగు కాలువ గట్ల మీద సాయంత్రం వేళ నీటి పాములు కప్పల కోసం కాచుకొని ఉంటాయి. రెండు మూడు మీటర్ల ఎడంగా కదలకుండా నిలబడితే వాటి వేటను పూర్తిగా చూడవచ్చు.